తొలి కొలువు: మూసా ప్రవక్త (అ) జీవితం నేర్పే పాఠం

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. తెల్లవారగానే పెద్ద పక్షులు పిల్లలను గూట్లో వదిలి పులికాట్ సరస్సు వైపు ఎగిరిపోతాయి. చేపలు పట్టుకుని తిరిగి వచ్చి పిల్లల నోటికి అందిస్తాయి. పక్షులు ఉదయం ఖాళీ కడుపుతో వెళ్లి సాయంత్రం నిండు కడుపుతో తిరిగి వస్తాయనీ, అల్లాహ్ మీద నిజమైన భరోసా ఉంచితే మనకు కూడా ఆయన అలాగే ఉపాధి ఇస్తాడనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. హజ్రత్ ఉమర్ (ర) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. పక్షి గూట్లోనే కూర్చుని మేత కోసం ఎదురు చూడలేదు. భరోసా అల్లాహ్ మీద ఉంచింది, రెక్కలకు పని చెప్పింది.

ఆ పక్షులు బయలుదేరే వేళకే దొరవారిసత్రం రైల్వే స్టేషనులో, జాతీయ రహదారి పక్కన మన పిల్లలు కూడా నిలబడి ఉంటారు. భుజాన సంచి, అందులో టిఫిన్ డబ్బా, మెడలో గుర్తింపు కార్డు. ఉత్తరాన నాయుడుపేట, మేనకూరు. దక్షిణాన సూళ్లూరుపేట దాటితే తడ, మాంబట్టు, 2008లో మొదలైన శ్రీసిటీ. సరిహద్దు దాటితే తమిళనాడులోని గుమ్మిడిపూండి. పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో ఒక తరం కిందట చదువు ముగిస్తే పొలమో, చేపల వేటో, చిన్న దుకాణమో దిక్కు. ఇప్పుడు ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ పూర్తి చేసిన పిల్లలకు కర్మాగారం గేటు కనిపిస్తోంది. అల్హందులిల్లాహ్. అయితే గేటు లోపలికి వెళ్లడం ఒక ఎత్తు, లోపల నిలబడడం మరో ఎత్తు. ఈ నెల పాఠం ఆ రెండో దాని గురించే.

పన్నెండు రోజుల ఉద్యోగం

కొంతకాలం కిందట ఆ ప్రాంతంలో ఒక మసీదులో జుమా నమాజు ముగించుకుని కూర్చున్నాము. అందరూ వెళ్లాక ఒక యువకుడు దగ్గరకు వచ్చాడు. చూపు నేల మీదే ఉంది.

"హజ్రత్, నాలుగు రోజులుగా ఇంట్లో అబద్ధం చెబుతున్నా" అన్నాడు.

విషయం ఏమిటంటే, అతను ఒక కర్మాగారంలో చేరి పన్నెండు రోజులు పని చేశాడు. పన్నెండో రోజు లెక్కలో పొరపాటు జరిగింది. లైను మీద పెద్దగా ఉన్న వ్యక్తి అందరి ముందూ గట్టిగా అరిచాడు. ఇతను చేతి తొడుగులు విసిరేసి బయటికి వచ్చేశాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. మర్నాటి నుంచి రోజూ అమ్మ ఇచ్చిన డబ్బా పట్టుకుని బయలుదేరడం, స్టేషను బెంచీ మీద కూర్చోవడం, సాయంత్రం ఇంటికి చేరడం. అతని తండ్రి పంక్చర్లు వేస్తాడు. డిప్లొమా ఫీజు కోసం తల్లి గాజులు కుదువలో ఉన్నాయి.

"పొరపాటు ఎలా జరిగింది బేటా?" అని అడిగాము.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "పొద్దున ఆయన అరవంలో ఏదో చెప్పాడు హజ్రత్. నాకు అర్థం కాలేదు. అయినా సరేనని తల ఊపాను. మళ్లీ అడిగితే నవ్వుతారని..."

ప్రియ పాఠకులారా! ఆ యువకునికి చదువు తక్కువ కాలేదు. యంత్రం సంగతి తెలుసు, లెక్క తెలుసు. అతనికి లేనిది "అర్థం కాలేదు, మరోసారి చెప్పండి" అని అడిగే ధైర్యం. అది లేక పొరపాటు జరిగింది. పొరపాటు మందలింపు తెచ్చింది, మందలింపుకు కోపం వచ్చింది, కోపం ఉద్యోగాన్ని తీసుకుపోయింది, సిగ్గు అబద్ధంలోకి దింపింది. ఇది ఒక్క ఇంటి కథ కాదు. మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఇలాంటిది జరిగే ఉంటుంది.

"హజ్రత్, నేను చేసింది తప్పా?" అని అతను అడిగాడు. వెంటనే తీర్పు చెప్పడం మాకు ఇష్టం లేకపోయింది. హజ్రత్ మూసా (అ) సంగతి చెప్పాము. అదే ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాము.

ఒక్క గుద్దు, ఒక ప్రవాసం

మూసా (అ) పేరు చెప్పగానే మనకు ఫిరౌను, చేతి కర్ర, చీలిన సముద్రం గుర్తుకొస్తాయి. ఆయన కూడా ఒకప్పుడు చేతిలో పైసా లేకుండా పరాయి ఊళ్లో చెట్టు నీడన కూర్చున్న యువకుడేనన్న సంగతి చాలామంది మరచిపోతారు. దివ్య ఖుర్ఆన్ 28వ సూరా అల్ ఖసస్ ఆ రోజులను వివరంగా చెబుతోంది.

ఆయన ఈజిప్టు నగరంలో నడుస్తుండగా ఇద్దరు కొట్లాడుకుంటున్నారు. తన జాతివాడు సాయం కోసం కేకవేశాడు. మూసా (అ) ముందుకు ఉరికి రెండోవాణ్ణి ఒక్క గుద్దు గుద్దారు. వాడు చనిపోయాడు. ప్రాణం తీయాలన్న ఉద్దేశం ఆయనకు లేదు. అయినా ప్రాణం పోయింది. ఆయన వెంటనే ఏం చేశారు? ఇది షైతాను పని అని గుర్తించారు. తనకు తాను అన్యాయం చేసుకున్నానని ఒప్పుకుని అల్లాహ్‌ను క్షమాపణ వేడుకున్నారు. అల్లాహ్ క్షమించాడు. తప్పును ఎదుటివాడి మీద నెట్టలేదు. "వాడు రెచ్చగొట్టాడు" అనలేదు.

అయితే క్షమాపణ దొరికినా ఫలితం తప్పలేదు. ఊరు విడిచిపెట్టవలసి వచ్చింది. క్షణికావేశానికి మూల్యం ఏళ్ల తరబడి ప్రవాసం. చేతి తొడుగులు విసిరికొట్టిన యువకునికి ఇంతకంటే పెద్ద పాఠం ఏముంటుంది?

కుస్తీలో ఎదుటివాణ్ణి పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపు చేసుకునేవాడే నిజమైన బలవంతుడని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ అబూహురైరా (ర) ఉల్లేఖించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోవాలనీ, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలనీ ఆయన నేర్పారు. ఇది అబూదావూద్‌లో ఉంది. కర్మాగారంలో లైను మీద పడుకోవడం కుదరదు కదా అని మీరు అనవచ్చు. హదీసు సారాంశం గ్రహించండి. కోపం వచ్చిన స్థితిలోనే ఉండిపోకూడదు, స్థితి మార్చుకోవాలి. "ఒక్క నిమిషం సార్" అని పక్కకు జరగడం, మనసులో అవూజు బిల్లాహ్ అనుకోవడం, విరామంలో వుజూ చేసుకోవడం, సమాధానం మర్నాటికి వాయిదా వేసుకోవడం. ఇవి ఎవరైనా చేయగలరు. కోపం రాకుండా ఉండడం మన చేతిలో లేకపోవచ్చు. కోపంతో చేయి, నోరు ఏం చేస్తాయన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

మద్యన్ బావి దగ్గర

మూసా (అ) మద్యన్ చేరారు. బావి దగ్గర పశువుల కాపరులు గుంపుగా నీళ్లు పెట్టుకుంటున్నారు. ఇద్దరు స్త్రీలు మాత్రం తమ మందను వెనక్కి ఆపుకుని నిలబడ్డారు. సంగతేమిటని ఆయన అడిగారు. ఆ కాపరులు వెళ్లేదాకా మేము నీళ్లు పెట్టలేము, మా తండ్రి బాగా ముసలివాడు అని వారు చెప్పారు. ఆయన వారి మందకు నీళ్లు పెట్టి, నీడలోకి వెళ్లి కూర్చున్నారు. కూలి అడగలేదు, పరిచయం పెంచుకోవాలని చూడలేదు. తన ప్రభువుతో మాత్రం, నీవు ఏ మేలు పంపినా దాని అవసరం నాకుందని విన్నవించుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ రోజు ఆయన పరిస్థితి ఏమిటి? ఆకలి, అలసట, భయం, ఒంటరితనం. అంత బాధలోనూ పక్కవారి ఇబ్బంది ఆయన కంటికి కనిపించింది. ఎదుటివారి స్థితిని గ్రహించే ఈ గుణం పనిచేసే చోట ఎంతో విలువైనది. కొత్తగా చేరినవాడు తన కష్టంలోనే మునిగిపోతే పక్కన ఉన్నవాడు బరువు ఎత్తలేక అవస్థ పడుతున్నా చూడడు. చూసి చేయి వేసినవాణ్ణి అందరూ గుర్తుపెట్టుకుంటారు. మూసా (అ) ఉద్యోగం వెతుక్కుంటూ ఆ బావి దగ్గరకు వెళ్లలేదు. ఆయన చేసిన సాయమే ఉద్యోగాన్ని వెతుక్కుంటూ ఆయన దగ్గరకు వచ్చింది.

కొంతసేపటికి ఆ స్త్రీలలో ఒకామె బిడియంగా నడిచి వచ్చి, మా తండ్రి మిమ్మల్ని పిలుస్తున్నారని చెప్పింది. తర్వాత ఆమే తండ్రికి సలహా ఇచ్చింది. ఈయనను పనికి పెట్టుకోండి, పనికి పెట్టుకోదగిన ఉత్తముడు బలమూ, నమ్మకమూ రెండూ ఉన్నవాడే అని ఆ మాటల భావం. ఇది 26వ ఆయతులో ఉంది. బలం అంటే ఆ పనికి కావలసిన సామర్థ్యం. మందలు కాచే పనికి అది కండబలం, లెక్కలు రాసే పనికి అది లెక్కల తెలివి. నమ్మకం అంటే అమానతు. సామర్థ్యం మనల్ని గేటు దాటిస్తుంది, అమానతు లోపల నిలబెడుతుంది. అమానతు అంటే డబ్బు దొంగిలించకపోవడం ఒక్కటే కాదు. సమయానికి రావడం, ఎవరూ చూడనప్పుడు కూడా అదే తీరున పని చేయడం, పొరపాటు జరిగితే దాచకుండా తానే ముందు చెప్పడం, తోటివాని గుట్టు బయట పెట్టకపోవడం, పని గంటల్లో ఫోనులో మునిగిపోకపోవడం, ఇవన్నీ అమానతులే.

నమాజు విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొందరు పిల్లలు సిగ్గుపడి అడగకుండా నమాజు వదిలేస్తారు. మరికొందరు ఎవరికీ చెప్పకుండా లైను వదిలి వెళ్లి మాట పడతారు. రెండూ సరి కాదు. చేరేటప్పుడే మృదువుగా, స్పష్టంగా అడగండి: "సార్, భోజన విరామంలో పది నిమిషాలు నమాజు చేసుకుంటాను. శుక్రవారం జుమాకు వెళ్లే వీలుంటే చెప్పండి, ఆ సమయానికి సరిపడా పని చేసి ఇస్తాను." ముందుగా అడిగినవాడికి దారి దొరికే అవకాశం ఉంటుంది. నమాజు పేరుతో పది నిమిషాలు తీసుకుని అరగంట కబుర్లు చెప్పేవాడు మాత్రం తర్వాత వచ్చే పదిమందికి ఆ దారి మూసేస్తాడు.

నాలుక ముడి

తర్వాతి కాలంలో ఫిరౌను దగ్గరకు వెళ్లమని ఆజ్ఞ వచ్చినప్పుడు మూసా (అ) ఏమన్నారో 20వ సూరా తాహా, 26వ సూరా అష్ షుఅరాలలో చూడండి. తన గుండె బిగుసుకుపోతోందని, నాలుక సరిగా కదలడం లేదని దాచకుండా చెప్పుకున్నారు. హృదయాన్ని విశాలం చేయమని, పని సులభం చేయమని, నాలుక ముడి విప్పమని వేడుకున్నారు. అన్న హారూన్ (అ) తనకంటే చక్కగా మాట్లాడతారు కనుక ఆయనను తోడుగా ఇవ్వమని కూడా అడిగారు.

అల్లాహ్ ప్రవక్తే తన తడబాటు చెప్పుకుని సాయం అడిగారంటే, ఇంటర్వ్యూ ముందు గొంతు ఎండిపోయే మన పిల్లవాడు సిగ్గుపడవలసింది ఏముంది? మా సంగతి చెబుతాము. మదరసాలో చదువు ముగించి బయటికి వచ్చిన కొత్తలో ఒక కార్యాలయంలో తెలుగులో అర్జీ రాయవలసి వచ్చింది. ఉర్దూలో పుటలు పుటలు రాసిన చేయి అక్కడ ఆగిపోయింది. పక్కన కూర్చున్న ఒక పెద్దాయనను "బాబాయ్, ఈ మాట తెలుగులో ఎలా రాయాలి?" అని అడగడానికి మాకు అరగంట పట్టింది. అడిగాక ఆయన రెండు నిమిషాల్లో చెప్పారు, నవ్వనూ లేదు. ఆ అరగంట భయమంతా మేము ఊహించుకున్నదే.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (ర)ను యూదుల లిపి, భాష నేర్చుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆయన పదిహేను రోజులలోపే నేర్చుకుని ఉత్తర ప్రత్యుత్తరాలు చూడసాగారు. ఇది తిర్మిజీ, అబూదావూద్ గ్రంథాల్లో ఉంది. పనికి అవసరమైన భాష నేర్చుకోవడం సున్నతుకు దూరమైన విషయం కాదని దీని వల్ల తెలుస్తోంది. సరిహద్దు దగ్గర ఉన్న మన పిల్లలకు తెలుగుతోపాటు కొంచెం అరవం, కొంచెం హిందీ, కొంచెం ఇంగ్లీషు అవసరం. ఉర్దూ వచ్చినవారికి హిందీ మాట్లాడడం కష్టం కాదు. అన్నీ ఒక్కసారే రానక్కరలేదు. ముందు నాలుగు మాటలు చాలు: అర్థం కాలేదు. మరోసారి చెప్పండి. నేను చేసి చూపిస్తాను, సరిగా ఉందో లేదో చూడండి. పొరపాటు నాదే.

యంత్రం దగ్గర అర్థం కాకుండా తల ఊపడం మర్యాద కాదు, ప్రమాదం. చేయి పోతే తిరిగి రాదు.

మరో విషయం. ఫిరౌను వంటి క్రూరునితో కూడా మృదువుగా మాట్లాడమని అల్లాహ్ మూసా, హారూన్ (అ) ఇద్దరికీ ఆదేశించాడు (తాహా 44). మన సూపర్‌వైజరు ఎంత కఠినుడైనా ఫిరౌను కాడు, మనమూ మూసా (అ) అంతటివారం కాము. కాబట్టి మృదువైన మాటకు మనకు మరింత కారణం ఉంది.

నేర్చుకునేవాని ఓర్పు

18వ సూరా అల్ కహఫ్‌లో మూసా (అ) ఒక జ్ఞాని వెంట శిష్యునిగా వెళ్లిన సంగతి ఉంది. ఆ జ్ఞాని హజ్రత్ ఖిజర్ అని హదీసుల వల్ల తెలుస్తోంది. పూర్తి సంగతి తెలియని విషయం మీద నీవు ఓర్పు ఎలా వహించగలవని ఆయన ముందే అడిగారు. అలాగే మూసా (అ) మూడుసార్లు ఆగలేక ప్రశ్నించారు, మూడోసారితో ఆ సాంగత్యం ముగిసింది.

కొత్తగా చేరినవాడికి పనిలో ఒక ముక్క మాత్రమే కనిపిస్తుంది. ఈ పెట్టె ఇక్కడే ఎందుకు పెట్టాలి, ఈ కాగితం మూడుసార్లు ఎందుకు రాయాలి అని విసుగు వస్తుంది. కారణం నాలుగు నెలలకు గానీ తెలియదు. "ఇది తప్పు" అనడానికి ముందు "ఇది ఎందుకు ఇలా చేస్తున్నాం?" అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడాయే నేర్పరితనం.

అయితే ఇక్కడ ఒక హద్దు ఉంది. ఖిజర్ చేసినవి అల్లాహ్ ఆజ్ఞతో చేసినవి. ఏ యజమానికీ ఆ స్థానం లేదు. దొంగ లెక్క రాయమన్నా, పాడైన సరుకును మంచిదని ముద్ర వేయమన్నా ఓర్పు పేరుతో తల వంచకూడదు. సృష్టికర్తకు అవిధేయత అయ్యే విషయంలో సృష్టిలోని ఎవరికీ విధేయత లేదన్నది ఇస్లాం నియమం.

సహనం అంటే అన్యాయం భరించడం కాదు

మద్యన్‌లో ఆ పెద్దాయన మూసా (అ)తో ఒప్పందం ఎలా చేసుకున్నారో చూడండి. తన కుమార్తెతో వివాహం, దానికి ప్రతిగా ఎనిమిది సంవత్సరాల కొలువు. పది పూర్తి చేస్తే అది ఆయన ఇష్టం. నిన్ను కష్టపెట్టాలని నాకు లేదని యజమాని ముందే చెప్పారు. ఇద్దరూ అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. పని ఎంతకాలం, ప్రతిఫలం ఏమిటి, తప్పనిసరి ఏది, ఐచ్ఛికం ఏది అన్నీ మొదటిరోజే స్పష్టం. మూసా (అ) ఆ రెండు గడువులలో ఎక్కువైనదే పూర్తి చేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) చెప్పినట్లు బుఖారీలో ఉంది.

మన పిల్లలు ఈ విషయంలో చాలా అజాగ్రత్తగా ఉంటారు. జీతం ఎంత, చేతికి వచ్చేది ఎంత, పనిగంటలు ఎన్ని, సెలవు ఎప్పుడు, ప్రావిడెంట్ ఫండు, ఇ.ఎస్.ఐ. ఉన్నాయా, తనను పెట్టుకున్నది కంపెనీయా, మధ్యనున్న కాంట్రాక్టరా అన్నది అడగకుండానే చేరిపోతారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక నియమావళులు కార్మికునికి నియామక పత్రం ఇవ్వాలని చెబుతున్నాయి. ఆ కాగితం అడిగి తీసుకోండి, ఇంట్లో ఒకరి చేత చదివించుకోండి. కాలవ్యవధి ఉన్న అప్పును రాసుకోమని అల్ బఖరా 282వ ఆయతులో ఆజ్ఞాపించిన ధర్మం మనది. కాగితం అడగడం అపనమ్మకం కాదు.

మందలింపు వేరు, అవమానం వేరు. పొరపాటుకు ఒక మాట పడడం పనిలో భాగం. కులాన్నో మతాన్నో తల్లినో తిట్టడం, చేయి చేసుకోవడం, కూలి ఎగ్గొట్టడం అన్యాయం. దాన్ని చేతితో కాక పద్ధతిగా ఎదుర్కోవాలి. తేదీ, సమయం, చూసినవారి పేరు రాసి ఉంచుకోవాలి. పై అధికారికి రాతపూర్వకంగా చెప్పాలి. అక్కడ పరిష్కారం దొరకకపోతే కార్మిక శాఖను ఆశ్రయించాలి.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మద్యన్ స్త్రీలు ఇంటి అవసరం కోసం బయటికి వచ్చి మంద కాచారు, తమ హుందాతనం కాపాడుకున్నారు. మనిషిని సరిగా అంచనా వేసి తండ్రికి సలహా ఇచ్చినది కూడా వారిలో ఒకరే. పనికి వెళ్లే మన అమ్మాయికి ఎవరైనా అసభ్యంగా మాట్లాడితే, ప్రవర్తిస్తే అది ఆమె తప్పు కాదు. పదిమంది లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా ఇలాంటి ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. మహిళల సహాయం కోసం 181 నంబరు ఉంది. అమ్మాయి ఇంటికి వచ్చి విషయం చెప్పినప్పుడు "రేపటి నుంచి మానెయ్" అన్నది మొదటి మాట కాకూడదు. అలా అంటే మరోసారి ఆమె చెప్పదు.

ఇంటి పెద్దలకు ఒక మాట

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990వ దశకంలో పిల్లలకు బడిలోనే నేర్పవలసిన పది జీవన నైపుణ్యాలను పేర్కొంది. తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ గ్రహించడం, చక్కగా మాట్లాడడం, సంబంధాలు నిలుపుకోవడం, నిర్ణయం తీసుకోవడం, సమస్య పరిష్కరించుకోవడం, కొత్తగా ఆలోచించడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, ఉద్వేగాలను, ఒత్తిడిని తట్టుకోవడం. వీటిలో చాలావాటిని మన పెద్దలు అఖ్లాఖ్ అనే ఒక్క మాటలో చెప్పారు. ఇవి కర్మాగారం గేటు దగ్గర ఒక్కరోజులో రావు. ఇంట్లో పద్దెనిమిదేళ్లు తయారవుతాయి.

హజ్రత్ అనస్ (ర) పదేళ్లు దైవప్రవక్త (స)కు సేవ చేశారు. ఆ పదేళ్లలో ఆయన ఒక్కసారి కూడా తనపై విసుక్కోలేదనీ, చేసినదానికి ఎందుకు చేశావనీ, చేయనిదానికి ఎందుకు చేయలేదనీ నిలదీయలేదనీ హజ్రత్ అనస్ (ర) స్వయంగా చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఈ విషయం యజమానులకు పాఠం, తల్లిదండ్రులకు అంతకంటే పెద్ద పాఠం. పొరపాటు చెబితే ఇంట్లో తిట్లు పడతాయని తెలిసిన పిల్లవాడు పనిచోట కూడా పొరపాటు దాస్తాడు. మనం ఇంట్లో దాచడం నేర్పి, బయట నిజాయితీ ఆశిస్తే ఎలా?

కాబట్టి బిడ్డ మొదటి నెల పనిలో ఉన్నప్పుడు "ఎంత ఇస్తారు?" అని కాదు, "ఈ రోజు ఏం నేర్చుకున్నావు? ఏది కష్టమైంది?" అని అడగండి. ఫలానావాళ్ల అబ్బాయి దుబాయిలో ఇంత సంపాదిస్తున్నాడన్న పోలిక మానండి. పదో తరగతి నుంచే బ్యాంకుకు, రేషను దుకాణానికి, కార్యాలయానికి పిల్లవాణ్ణి ఒక్కడినే పంపండి. వాడే మాట్లాడాలి, వాడే అడగాలి. ఎప్పుడూ తండ్రి వెనుక నిలబడిన పిల్లవాడు ఇరవై ఏళ్లకు ఒక్కసారిగా ముందుకు రాలేడు.

బిడ్డ నిద్రపోవడం లేదా, ఎవరితోనూ మాట్లాడడం లేదా, బతుకు మీద ఆశ లేనట్లు మాట్లాడుతున్నాడా? దాన్ని ఈమాన్ లోపమని కొట్టిపారేయకండి. హజ్రత్ యాఖూబ్ (అ) అంతటివారు కొడుకు కోసం ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు. తన దుఃఖాన్ని అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. దుఆతోపాటు వైద్యం కూడా అవసరమే. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ యువకుడు ఏం చేశాడు?

మేము అతనికి రెండు పనులు చెప్పాము. మొదటిది, ఈ రోజే ఇంట్లో నిజం చెప్పడం. రెండోది, పని చేసిన చోటికి వెళ్లి, లైను పెద్దను కలిసి తన పొరపాటు ఒప్పుకోవడం. మొదటి దానికే ఎక్కువ భయపడ్డాడు. మగ్రిబ్ తర్వాత తండ్రికి చెప్పాడట. ఆయన చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత, "ఆ స్టేషనులో నాలుగు రోజులు ఎండలో ఎలా కూర్చున్నావురా?" అని మాత్రం అడిగాడట.

పాత చోట ఖాళీ దొరకలేదు. అప్పటికే వేరొకరిని తీసుకున్నారు. అయినా అతను వెళ్లి చెప్పవలసింది చెప్పి వచ్చాడు. చేసిన పన్నెండు రోజుల కూలి మాత్రం అందింది. రెండు నెలల తర్వాత మరోచోట, కొంచెం తక్కువ జీతానికి చేరాడు. చేరకముందు తమిళం వచ్చిన ఒక స్నేహితుని దగ్గర కూర్చుని "అర్థం కాలేదు, మరోసారి చెప్పండి" అన్న ఒక్క మాట నోటికి పట్టేదాకా నేర్చుకున్నాడు. అమ్మ గాజులు ఇంకా కుదువలోనే ఉన్నాయి. కానీ ఇప్పుడు అతను పట్టుకెళ్లే డబ్బాలో అబద్ధం లేదు.

ఈ నెల ప్రతి ఇంట్లో ఒక రాత్రి భోజనం తర్వాత అందరూ కూర్చుని ఈ మూడు ప్రశ్నలు మాట్లాడుకోవాలని మా మనవి. ఒకటి: ఈ వారం నాకు అర్థం కాకపోయినా అర్థమైనట్లు తల ఊపిన సందర్భం ఏది? రెండు: కోపంలో నేను విసిరిన మాట, వస్తువు వల్ల ఎవరికి నష్టం జరిగింది? మూడు: మన ఇంట్లో పొరపాటు చెప్పడానికి ఎవరు భయపడుతున్నారు, ఎవరిని చూసి? పిల్లలతో మొదలుపెట్టకండి. ముందు తండ్రి జవాబు చెప్పాలి.

పని కోసం గడప దాటే మన బిడ్డలకు అల్లాహ్ విశాలమైన హృదయాన్ని, ముడిలేని నాలుకను, అదుపులో ఉండే చేతిని, హలాల్ ఉపాధిని ప్రసాదించుగాక! వారిని ఉదయం క్షేమంగా పంపి, సాయంత్రం క్షేమంగా ఇంటికి చేర్చుగాక! ఆమీన్.